అంతర ఇంజెక్షన్: నర్సు దగ్గరా, మనమే వేసుకునేదా?

అంతర అంటే గర్భం రాకుండా వేసుకునే ఇంజెక్షన్. నర్సు వేసేదానిలో, మనమే వేసుకునేదానిలో ఉన్నది ఒకే హార్మోన్, దాని పేరు డీఎంపీఏ. రెండూ 3 నెలలకోసారే.

మందు: నర్సు వేసేది కండరంలోకి, 150 మి.గ్రా. సొంతంగా వేసుకునేది పొట్ట లేదా తొడ చర్మం కిందకి, 104 మి.గ్రా.; సూది చిన్నది.

ఖర్చు: ప్రభుత్వ ఆసుపత్రిలో అంతర ఉచితం. కానీ కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, చంటిబిడ్డతో లైన్లో నిలబడేది కూడా ఖర్చే కదా!

శ్రమ: సొంతంగా అయితే మొదట నర్సు ముందు నేర్చుకోవాలి. మందు నెమ్మదిగా ఎక్కించాలి, తర్వాత ఆ చోట రుద్దకూడదు. సూదిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచి ఆసుపత్రికి ఇచ్చేయాలి. తేదీ గుర్తుపెట్టుకునే బాధ్యతా మనదే.

రిస్క్: రెండింటికీ దాదాపు ఒకటే. నెలసరి గతి తప్పొచ్చు, ఆగిపోవచ్చు. మానేశాక గర్భం రావడానికి ఏడాది దాకా పట్టొచ్చు. సుఖవ్యాధుల నుంచి రక్షణ ఉండదు, దానికి కండోమే.

సొంతంగా వేసుకోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సిఫారసు చేసింది. మన దగ్గర దొరుకుతుందో లేదో ముందు డాక్టర్‌నే అడగండి.

ఆసుపత్రి దూరమై, ఇంట్లో గోప్యత కావాలంటే సొంతంగా వేసుకునేది మేలు. సూదంటే టెన్షన్ అయితే నర్సు దగ్గరికే వెళ్లండి. బీపీ ఎక్కువుంటే ఏది వేసుకునే ముందైనా డాక్టర్‌ని అడగండి. రొమ్ము క్యాన్సర్ ఉంటే రెండూ వద్దు.