బొమ్మల ఎంపిక బాగుంది, వేసే తీరే బాలేదు

అమలాపురంలో పాత సినిమాలు వేసే ఓ చిన్న హాలు ఈసారి తొలితరం అమెరికా నల్లజాతి హాస్యనటుల్ని ఎంచుకుంది. ఎంపికకి మంచి మార్కులే. బెర్ట్ విలియమ్స్ 1916 నాటి మూకీలో జైలుగదిలో కూర్చుని, ముక్కలు లేకుండానే పేకాడతాడు. నల్లజాతి నటులు కూడా మొహానికి మసి పూసుకోక తప్పని రోజుల్లోనూ ఆ చేతుల పనితనం దాగలేదు. కానీ సెకనుకి 16-18 ఫ్రేముల్లో తిరగాల్సిన బొమ్మని 24లో తిప్పేసరికి అభినయం కాస్తా గెంతులైపోయింది. ప్లేయర్‌లో వేగం 0.75కి దించితే సరిపోయేది. 4:3 కొలతలో ఉన్న, వెడల్పు తక్కువ బొమ్మని తెర వెడల్పుకి సాగదీయడం ఇంకో తప్పు.

సోమరి పాత్రలకి పేరుపడ్డ నటుడు స్టెపిన్ ఫెచిట్ దగ్గరే అసలు తగువు. ఆ నత్తనడక, ఆ నసుగుడు యజమాని పని ఎగ్గొట్టే ఎత్తని కొందరంటారు, జాతికే మచ్చని కొందరు. రెండింట్లోనూ పస ఉంది. మన తోలుబొమ్మల కేతిగాడి ఎటకారం ఆడించేవాళ్ళ సొంతం. ఇక్కడ సినిమాల్ని రాసింది, డబ్బు పెట్టింది తెల్లవాళ్ళు.

మాంటన్ మోర్లాండ్, బెన్ కార్టర్ల జోడీ ఒకరి మాట ఇంకొకరు సగంలో తుంచేస్తుంది. తెలుగు సబ్‌టైటిళ్ళలో ఆ సగాల్ని పూర్తిచేసి పెట్టారు. జోకు అక్కడే చచ్చింది. చుక్కలు పెట్టి వదిలేయాల్సింది.