రావులపాలెం, అమలాపురం వైపు సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ కొనేవాళ్లు డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి

"మెక్సికోలో చేసిన ఫెండర్ జాజ్ బేస్, గల్ఫ్ వెళ్తున్నాను, తక్కువకి ఇచ్చేస్తాను" అని ఎవరైనా చెబితే కొంచెం ఆగండి. ఫెండర్ పేరున్న గిటార్ కంపెనీ, జాజ్ బేస్ వాళ్ల మోడల్. ఆ మాట నమ్మి మా మందిరం యూత్ 38,000 రూపాయలు పోగొట్టుకున్నాం. పోయిన వారం అదే మనిషి ప్రకటన మళ్లీ కనిపించింది. గిటార్ రంగు వేరు. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పైచివర) మీద సీరియల్ నంబరు మాత్రం మా ఇంట్లో ఉన్నదాని నంబరే, ఒక్క అంకె కూడా తేడా లేదు. రెండు అసలు గిటార్లకు ఒకే నంబరు ఉండదు. ఇంకొకరు మాలాగే మోసపోకూడదని రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర చిన్న పల్లె. మందిరంలో ఆరేళ్లుగా నేనే బేస్ వాయిస్తున్నాను. మొదటిది 7,500కి కొన్నాం. రెండు పాటలు అయ్యేసరికి శ్రుతి తప్పేది, ఫ్రెట్ల (నెక్, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల) అంచులు వేళ్లకి గీసుకునేవి. క్రిస్మస్‌కి మంచిది కొందామని అందరం డబ్బులు వేసుకున్నాం. స్త్రీల సమాజం వాళ్లు కూడా ఇచ్చారు. కొబ్బరి దింపుకి వెళ్లే తమ్ముడొకడు రెండు రోజుల కూలి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాకు బాధంతా అక్కడే.

అమ్మినాయన చాలా మర్యాదగా మాట్లాడారు. "2018లో కొత్తది కొన్నానండి, బిల్లు గోదారి వరదకి తడిసిపోయిందండి" అన్నారు. మా ఇళ్లలోకీ వరద వచ్చింది కాబట్టి నమ్మేశాం. పెద్ద ఆంప్‌కి (సౌండ్ పెంచే స్పీకర్ పెట్టెకి) పెట్టి, ఎకో కలిపి, సౌండ్ బాగా పెంచి వినిపించారు. నేను పట్టుకుంటే తీగలు వేలి కింద మెత్తగా, నెక్‌కి దగ్గరగా ఉన్నాయి. ఇంత హాయిగా ఉన్న బేస్ నేను అంతకుముందు వాయించలేదు. అక్కడే డబ్బు ఇచ్చేశాం.

ఇంటికొచ్చి శ్రుతి చూసే ట్యూనర్ పెడితే అసలు సంగతి తెలిసింది. బేస్ నాలుగు తీగల మామూలు శ్రుతి ఈ, ఏ, డి, జి. ఆయన ప్రతి తీగనీ ఒక మెట్టు దించి ఉంచారు, ఈ ఉండాల్సిన చోట డి ఉంది. శ్రుతి దించితే తీగల లాగుడు తగ్గుతుంది, వంగిన నెక్ కూడా కాస్త నిటారుగా కనిపిస్తుంది. సరైన శ్రుతిలో నాలుగు తీగలూ కలిసి నెక్‌ని సుమారు 80 కిలోల బరువుతో లాగుతాయి. నేను శ్రుతి పెంచగానే నెక్ విల్లులా లేచింది. 12వ ఫ్రెట్ దగ్గర తీగ 5 మిల్లీమీటర్ల ఎత్తుకి వెళ్లింది. అక్కడ రెండు, రెండున్నర ఉంటే చేతికి సుఖం. ట్రస్ రాడ్, అంటే నెక్ లోపల వంపుని సరిచేసే ఇనుప కడ్డీ, అప్పటికే చివరి దాకా బిగించేసి ఉంది. ఇక తిప్పడానికి ఏమీ మిగల్లేదు.

రాజమండ్రిలో రిపేర్లు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పది నిమిషాల్లో తేల్చేశారు. సీరియల్ నంబరు 'ఎం జెడ్ 3'తో మొదలవుతోంది. మెక్సికో ఫెండర్ల లెక్కలో అది 2003 ప్రాంతం. 2010 నుంచి అక్కడ తయారైనవాటికి 'ఎం ఎక్స్' తర్వాత సంవత్సరం అంకెలు వస్తాయి. మరి 2018లో కొత్తది కొన్నానన్న మాట ఎలా కుదురుతుంది? జాజ్ బేస్ నెక్ పైచివర, తీగలు ఆనే నట్ దగ్గర 38 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మాది 42. జాజ్ బేస్‌లో తీగల శబ్దం పట్టే పికప్‌లు రెండు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆగే చోటు) వైపుది రెండోదానికంటే కొద్దిగా పొడుగు. మాదాంట్లో రెండూ సమానం. చివరికి సౌండ్ నాబ్‌లు ఉండే కంట్రోల్ ప్లేట్ స్క్రూలు విప్పితే లోపల పొరలు పొరలుగా ప్లైవుడ్. పేరున్న స్టిక్కర్ అంచు గోటికి తగిలింది. "బాబూ, ఇది ఏ ఎనిమిది వేల గిటారో, పేరు మాత్రం అతికించారు" అన్నారు. ఆ మాటకి మా వాళ్లలో ఎవరూ నోరెత్తలేదు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "చూసుకునే కదండీ తీసుకున్నారు" అని పెట్టేశారు. తర్వాత ఎత్తలేదు.

కాబట్టి వెళ్లేటప్పుడు ఫోన్లో ట్యూనర్ యాప్ వేసుకుని, చిన్న స్కేలు జేబులో పెట్టుకుని వెళ్లండి. మొదట సరైన శ్రుతికి తెచ్చి పావుగంట ఆగండి. తర్వాత లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, బాడీకి నెక్ కలిసే చోట రెండో చేత్తో నొక్కి పట్టండి. మధ్యలో, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు మందం సందు ఉంటే మంచిదే. వేలు దూరేంత ఉంటే వద్దు. హెడ్‌స్టాక్ వైపు నుంచి కన్ను ఆనించి రెండు అంచులూ చూడండి. ఒక అంచు ఒకవైపు, రెండోది ఇంకోవైపు వాలుతుంటే నెక్ మెలి తిరిగింది, దాన్ని ట్రస్ రాడ్ కూడా సరిచేయదు. ఎకో తీయించి, సౌండ్ తగ్గించి, ప్రతి ఫ్రెట్ మీదా ఒక్కో స్వరం వాయించండి. స్క్రూలు విప్పి చూపించనంటే బయటికి వచ్చేయండి.

ఏ ధరలో కొనాలని చాలామంది అడుగుతున్నారు. నేను చూసినంతలో పది వేల లోపు వాటిలో ఒక్కో పీసు ఒక్కోలా ఉంటుంది, చేత్తో పట్టుకుని చూడకుండా కొనకూడదు. మందిరానికైనా, ఊళ్లో ఆర్కెస్ట్రాకైనా 20,000 చుట్టుపక్కల బిల్లుతో వచ్చే కొత్తది చాలు. యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనేజ్ జీఎస్ఆర్ 200 లాంటివి చూడండి. రెండోదాంట్లో బేస్ పెంచే సర్క్యూట్‌కి 9 వోల్టుల బ్యాటరీ కావాలి, స్పేర్ దగ్గర పెట్టుకోండి. చేతులు చిన్నవైన పిల్లలకి ఐబనేజ్ మైక్రో నయం. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు, దీనిలో 28.6. జాజ్ బేస్ సన్న నెక్కే కావాలంటే ఇంకొంత వేసుకుని ఫెండర్ వాళ్ల చౌక బ్రాండ్ స్క్వయర్‌లో ఎఫినిటీ జాజ్ బేస్ తీసుకోవచ్చు. ఆపైన ఎనభై వేలు, లక్ష పెట్టేవాటిలో పనితనం బాగుంటుంది, తర్వాత అమ్మినా ధర వస్తుంది. అయితే మా మందిరంలో ఆ తేడా వినపడదు.

ఎందుకంటే బేస్ లావు తీగ స్వరం 41 హెర్ట్జ్. మన గోడల మీద ఉండే సన్న కాలమ్ స్పీకర్లు అంత కిందికి పలకవు. ఆరేళ్లు మేము గిటార్‌ని తిట్టాం, సగం లోపం స్పీకర్‌ది. ముందే తెలిసుంటే 20,000 గిటార్‌కి, మిగతా 18,000 సెకండ్ హ్యాండ్ బేస్ ఆంప్‌కి పెట్టేవాళ్లం. కీబోర్డు ఆంప్‌కి పెట్టి సౌండ్ పెంచకండి, స్పీకర్ పోవచ్చు.

ఏది కొన్నా మన కోనసీమ తేమకి నెక్ కదులుతుంది. ఎండాకాలంలో బాగున్న గిటార్ శ్రావణంలో బజ్ కొట్టొచ్చు, అంటే తీగ ఫ్రెట్‌కి తగిలి గరగరమనొచ్చు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, వాయించాక గుడ్డతో తుడిచి కేసులో పెట్టండి. గోడకి ఆనించి వదలకండి.

షాపులో బిల్లుతో కొని మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మా చేతిలో బిల్లు గానీ, రాసిచ్చిన కాగితం గానీ లేవు. మీరు కనీసం అమ్మినవాళ్ల సంతకంతో ఒక కాగితం రాయించుకోండి. అందులో మోడల్, సీరియల్ నంబరు, ధర ఉండాలి.

ఇప్పుడు తిరుగుతున్న ప్రకటనలో ఉన్నది తెల్ల బాడీ, ఎర్ర ప్లేట్. నంబరు 'ఎం జెడ్ 3'తో మొదలై 417తో ముగుస్తుంది. బేరం 35,000 దగ్గర మొదలుపెడుతున్నారు. ఆ నంబరు చూపిస్తే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.