రాగి వైరని అమ్మి, చివరికి టేపు చుట్ట చేతిలో పెట్టాడు – వైరింగ్ సామాను కొనేవాళ్లు జాగ్రత్త

హోల్‌సేల్ రేటు అని వైరు కోసం విజయవాడ బయల్దేరేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. మెట్లెక్కి వెళ్లాలి, గుమ్మం పక్కన ఫ్యాన్ల డబ్బాలు దొంతరగా పేర్చి ఉంటాయి, లోపల గల్లా దగ్గర పెద్ద దేవుడి పటం. ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఏ దుకాణమో ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. పేరు రాస్తే పరువునష్టం దావా వేస్తానంటాడట, పక్క షాపువాళ్లు చెప్పారు. ఉన్న పరువు మరి.

మేం పైన రెండు గదులు వేస్తున్నాం. గోడల్లో పైపులు వేయడం అయిపోయింది, వైరు లాగడమే మిగిలింది. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి, గీజరుకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. మా ఊరి రేటు కన్నా కాయిల్‌కి ఆరేడొందలు తక్కువ చెప్పాడు. జీఎస్టీ బిల్లు కావాలా, ఎస్టిమేట్ (ఉత్తి చీటీ) చాలా అని అడిగాడు. బిల్లు అంటే 18 శాతం కలుస్తుందట. ఎస్టిమేట్ చాలన్నాం. ఎంత తెలివైనవాళ్లమో చూడండి! డబ్బా మీద ఐఎస్ఐ గుర్తుంది, పెద్ద కంపెనీ పేరులాంటి పేరుంది, ఇంకేం కావాలి అనుకున్నాం.

వైరు లాగుతుంటే మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు కిందికి దిగి వచ్చి, "అక్కా, ఒకసారి పైకి రండి, ఇది పెచ్చులూడిపోతోంది" అన్నాడు. స్ప్రింగు కట్టి లాగితే పైపు మలుపు దగ్గర గీరుకుని పైతొడుగు లేచిపోయింది. బోర్డు దగ్గర కొస ఒలుద్దామంటే నిలువునా చీలింది. ముందు నేనూ అతని పనితనం తప్పే అనుకున్నాను. తర్వాత నేనే ఒలిచి చూశాను. మా నాన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, వైరు ఒలవడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. మంచి వైరుకి స్ట్రిప్పర్‌లో (తొడుగు ఒలిచే పనిముట్టు) సరైన గాడి చూసుకుని నొక్కి లాగితే తొడుగు ఒకే ముక్కగా జారి వచ్చేస్తుంది, లోపలి పోగు ఒక్కటీ తెగదు. ఇది వేయించిన అప్పడంలా పెళ్లున విరిగింది.

పోగులు లెక్కపెట్టాను. 2.5 ఫ్లెక్సిబుల్ వైరులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉండాలి. ఇందులో 27. కాయిల్ విప్పి కొలిస్తే 90 మీటర్లు అన్నది 80 దాటలేదు. కూరగాయల కాటా మీద పెట్టాం. 90 మీటర్ల 2.5 కాయిల్‌లో రాగి ఒక్కటే రెండు కిలోలు తూగాలి. ఇది పైతొడుగుతో కలిపి కూడా రెండు కిలోలు లేదు.

ఇక దుకాణం సంగతి. కాయిల్ ముక్క, చీటీ పట్టుకుని వెళ్లాను. వైరు ముట్టుకోకుండానే తీర్పు ఇచ్చేశాడు.

"ఒలవడం రాదు మేడమ్ మీవాడికి. చాకు లోతుగా దించుంటాడు."

"చాకు కాదండీ, స్ట్రిప్పర్‌తోనే."

"మీకివి అర్థం కావు గానీ, సార్‌ని పంపించండి, ఆయనతో మాట్లాడతాను."

సార్ కింద బండి దగ్గర ఉన్నారు. మా ఇంట్లో ఫ్యూజు ఎక్కడుందో కూడా ఆయనకి తెలియదు, ఆ మాట ఆయనే ఒప్పుకుంటారు. నాకు ఒళ్లు మండింది. అతని గాజు బల్ల మీద అమ్మకానికి పెట్టిన స్ట్రిప్పరే తీసుకుని, అతని కళ్ల ముందే ఒలిచాను. పెచ్చులు అతని లెక్కల పుస్తకం మీద పడ్డాయి. తాళంచెవి మొనతో ఒక పోగుని గీకాను. లోపల తెల్లగా మెరిసింది.

"ఇదేంటండీ తెల్లగా?"

"టిన్ కోటింగ్ మేడమ్. ఇంకా మంచిది, తుప్పు పట్టదు."

టిన్ పూత వేసిన రాగి పైన తెల్లగా ఉంటుంది, గీకితే ఎర్రగా కనిపిస్తుంది. ఇది పైన ఎరుపు, లోపల తెలుపు. అల్యూమినియం పోగుకి రాగి పూత వేసి అమ్మేశారు. ఆ మాటే గట్టిగా అన్నాను. అంతే, మాట మార్చేశాడు. "నేను రాగి అని చెప్పానా? చీటీలో రాసుందా?" చీటీలో ఉన్నది 'వైర్ 2.5' అని రెండు ముక్కలు, పక్కన అంకెలు. దుకాణం పేరు కూడా లేదు. కొన్నరోజు ఇదే మనిషి "ప్యూర్ కాపర్ మేడమ్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు. నిజంగానే కళ్లు మూసుకుని తీసుకెళ్లాం, అతని తప్పేముంది.

తర్వాత చేసినదే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. వెనక షెల్ఫ్‌లోంచి ఒక నల్ల ఇన్సులేషన్ టేపు చుట్ట తీసి నా ముందుకి విసిరాడు. అందించలేదు, విసిరాడు. బల్ల మీద దొర్లుకుంటూ వచ్చి నా చేతికి తగిలి ఆగింది. "ఇదిగో, ఇది ఫ్రీ. పగిలిన చోటల్లా చుట్టించుకోండి, మీ ఇంటికేం కాదు." షాపులో కుర్రాళ్లు ముగ్గురూ నవ్వారు. పద్నాలుగు వేల చిల్లర సామానుకి పరిహారం పది రూపాయల టేపు! నేనింకా అక్కడే నిలబడి ఉండగానే నా భుజం మీదుగా చూస్తూ "చెప్పండి సార్, మీకేం కావాలి" అని వెనకాయన్ని పిలిచాడు.

ఆ వెనకాయన చేతిలో అదే డబ్బా ఉంది. పెద్దాయన, కూతురి ఇంటికట. ఒలిచిన పోగు చూపించాను. మారు మాట్లాడకుండా డబ్బా కింద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయాడు. అప్పుడు చూడాలి గల్లా మీది మనిషిని. "ఏయ్, ఏంటి నీ గొడవ? పొద్దున్నే బేరాలు చెడగొట్టడానికి వచ్చావా? కోసిన కాయిల్ వాపసు లేదు, పో!"

టేపు చుట్టుకోమన్నాడు కదా, టేపు దేనికి పనికొస్తుందో ఆ పెద్దమనిషికి తెలియక కాదు. మంచి వైరుకి బయట కనిపించే చోట చిన్న గాటు పడితే, మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసుకుని, టేపుని లాగి బిగువుగా, ఒక చుట్టు మీదికి ఇంకో చుట్టు సగం ఎక్కేలా, గాటుకి అటూ ఇటూ కాస్త దాటించి చుట్టుకోవచ్చు. కొస విప్పి ఉంటే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగడం ఇంకా మేలు. లోపలి పోగులు కూడా తెగి ఉంటే ఆ మేరకి కత్తిరించి మళ్లీ ఒలుచుకోవాలి. గోడలోని పైపులో మాత్రం టేపు చుట్టిన వైరు, అతుకు వేసిన వైరు పెట్టకూడదు. అతుకు ఉంటే మూత తీసి చూసుకోగలిగే జంక్షన్ బాక్సులోనే ఉండాలి. పైపులో దెబ్బతిన్న వైరుని మొత్తం లాగి పారేసి కొత్తది వేయడమే. ఇక తొడుగు మొత్తమే పెళుసైతే ఎక్కడని చుడతాం? 80 మీటర్లూ చుట్టాలా? పీవీసీలో సుద్దపొడి ఎక్కువ కలిపి, మెత్తదనం ఇచ్చే సరుకు తగ్గిస్తే ఇలాగే అవుతుందని నాన్న అన్నారు.

తొడుగు బాగున్నా లోపలి సరుకు సంగతి అలాగే ఉంటుంది. అల్యూమినియం కరెంటుని రాగి అంత బాగా మోయదు, అందులోనూ పోగులు తక్కువ. స్క్రూ కింద బిగించిన చోట కొన్నాళ్లకి వదులై వేడెక్కుతుంది. రెండు వేల వాట్ల గీజరు దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, ఆ వేడి గోడ లోపలే. ప్లగ్గు నల్లబడేదాకా మనకి తెలియదు. ఇది తలచుకుంటే డబ్బు పోయిన బాధ పక్కకి పోయి భయం వేస్తోంది.

వేసినదంతా లాగించేశాం. ఎలక్ట్రీషియన్‌కి కూలీ రెండోసారి ఇచ్చాం, పాపం అతను సగమే తీసుకుంటానన్నాడు. కొత్త వైరు మా ఊళ్లోనే, ఆరేడొందలు ఎక్కువ పెట్టి, బిల్లుతో కొన్నాం.

గల్లా మనిషి తెలివి ఒక్కచోట జారింది. చీటీలో పేరు లేకపోయినా డబ్బు ఫోన్‌లో కొట్టించుకున్నాడు, అందులో దుకాణం పేరుతో సహా ఉంది. అది పెట్టి 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు దగ్గరున్న సీఎం/ఎల్ నంబరు, అంటే కంపెనీ లైసెన్సు నంబరు, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే వేరే రాష్ట్రంలో ప్లాస్టిక్ పైపుల కంపెనీ వచ్చింది. ఆ యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తాను, ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదట.

కొనేముందు ఆ నంబరు యాప్‌లో కొట్టి చూడండి, ఐఎస్ 694 (పీవీసీ తొడుగు వైర్ల ప్రమాణం) అని ఉందో లేదో చూడండి, కొస ఒలిపించి పోగు గీకండి. ఒలవనివ్వకపోతే దిగి వచ్చేయండి. జీఎస్టీ బిల్లులో కాపర్ అని, సైజు, మీటర్లు రాయించుకోండి. మీ ఎలక్ట్రీషియన్ కమిషన్ కోసం అక్కడికే తీసుకెళ్తానంటే మీరు ఇంకోచోటు చూసుకోండి.

ఈ ఏడాది ఆ మెట్ల దుకాణంలో బిల్లుతో వైరు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి. మీ బిల్లు మీద అతని జీఎస్టీ నంబరు ఉంటుంది, నా ఫిర్యాదుకి అదొక్కటే తక్కువైంది. ఇల్లు ఇప్పటికే పూర్తయినవాళ్లు గీజరు ప్లగ్గు ఒకసారి విప్పించి, కొస గీకి చూసుకోండి. మెయిన్ ఆపాకే.