సోల్ ఫిల్లెట్ ఆర్డర్ పెట్టే వైజాగ్ వాళ్ళూ, డబ్బులు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి

ముందే చెప్తున్నా, పోస్ట్ పెద్దది, కడుపు మండి రాస్తున్నా కాబట్టి అటూ ఇటూ పోతుంది, ఓపికుంటేనే చదవండి.

మా మామగారికి ఈమధ్యే పళ్ళసెట్టు పెట్టించాం, అప్పట్నించి ముళ్ళున్న చేప అంటే జంకుతున్నారు, ఆయనేమో భీమిలిలో పుట్టి పెరిగిన మనిషి, రెండ్రోజులకోసారి కంచంలో చేప పడకపోతే అన్నం కెలుకుతూ కూర్చుంటారు తప్ప ముద్ద ఎత్తరు. ఆయనే అన్నారు, నాలిక చేప అయితే నడిమి ముల్లు ఒక్కటే కదమ్మా, అది లేపేస్తే ఇంక వెన్నముద్దే అని. నాలిక చేప తెలుసుగా, అచ్చం నాలికలాగే పల్చగా పొడుగ్గా తోక దగ్గర సన్నబడిపోయి ఉంటుంది, ఇంగ్లీషులో టంగ్ సోల్ అంటారు, హోటల్ మెనూల్లో సోల్ అని రాసేది ఈ జాతి వాటినే.

అప్పుడు మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరం మొత్తం మరబోట్లకి వేట నిషేధం, హార్బర్‌కి వెళ్తే బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నారు. ఎంవీపీ రైతుబజార్ వైపు కూడా ఒక చూపు చూసి, ఇంక లాభం లేదని ఫోన్ తీసి వెతికితే ఒక ఆన్‌లైన్ అమ్మకందారు కనిపించారు (పేరు రాయను, అడగొద్దు, ఇన్‌బాక్స్‌లో కూడా చెప్పను, ఇలాంటివి ఒక్కళ్ళే చేస్తున్నారని నేను అనుకోవట్లేదు). "ఫ్రెష్ సోల్ ఫిల్లెట్, వైజాగ్ కోస్ట్ క్యాచ్, బోన్‌లెస్" (ఫిల్లెట్ అంటే ముల్లు తీసేసి కోసిన కండ ముక్క), కేజీ 840 రూపాయలు, పక్కన నీలం సముద్రం ఫోటో ఒకటి.

అక్కడే నా బుర్ర పనిచెయ్యాలి. బోట్లన్నీ గట్టున ఉంటే వైజాగ్ కోస్ట్ క్యాచ్ కేజీలకి కేజీలు ఎక్కణ్ణించి వస్తుంది? ఇంజిన్ లేని తెప్పల వాళ్ళకి నిషేధం లేదు, నిజమే, వాళ్ళు తెచ్చేది గంపల్లో వీధుల్లోకే సరిపోతుంది, ఫ్రీజర్ ప్యాకెట్లలోకి ఎక్కేంత ఉండదు. కానీ ఆకలి మీదున్నోడికి రుచి తెలీదన్నట్టు, అవసరంలో ఉన్నోళ్ళకి లెక్క తెలీదు, రెండు కేజీలు పెట్టేశా.

వచ్చింది. తెల్లగా, కొంచెం గులాబీ రంగు తిరిగి, ఒక్కో ముక్క నా అరచెయ్యి కంటే పెద్దది, మధ్యలో అంగుళం మందం. పైన ఐసు పొర గాజులా మెరుస్తోంది. ఒక కేజీ ప్యాకెట్ జల్లెడలో పెట్టి ఐసంతా కరిగాక కిచెన్ త్రాసు మీద వేస్తే 710 గ్రాములు! మిగతా 290 గ్రాములు సింక్‌లోకి పోయింది, అంటే నీళ్ళని కూడా కేజీ 840 లెక్కన కొన్నా. ఐసు పొర వెయ్యడం తప్పు కాదు, ముక్క ఎండిపోకుండా వేస్తారు, కానీ తూకం ఐసు తీసేసి చూపించాలి కదా.

సరే పోనీలే అని ఉప్పు కారం పట్టించి పెనం మీద వేశా. వేగదే! ముక్కలోంచి నీళ్ళూరుతూనే ఉన్నాయి, పది నిమిషాలకి పెనంలో చిన్న చెరువు, ముక్క ఉడికి స్పాంజిలా అయింది. మామగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలి, నా మొహం చూసి ఏమీ అనలేక "బాగానే ఉందమ్మా, పన్నీరా?" అన్నారు. ఆయన వెటకారం మనిషి కాదు, నిజంగానే అడిగారు, అదే నాకు ఎక్కువ బాధేసింది.

మర్నాడు మా వీధిలోకి గంప పట్టుకొచ్చే అప్ప వచ్చింది, పెద జాలరిపేట మనిషి, పాతికేళ్ళుగా మా సందులోనే అమ్ముతోంది. రెండో ప్యాకెట్ తీసి చూపించా. వేలితో నొక్కింది, తిప్పింది, ముక్క మధ్యన పొడుగునా పోయే ఎర్ర గీత చూపించి "ఇదేటమ్మా, ఇది నాలిక సేపని ఎవులు సెప్పారు? ఇది సెరువు సేప, సముద్రం మొకమే సూళ్ళేదు. నాలిక సేపకి ఇంత కండ ఎక్కడుంటాది?" అంది. దాని పేరు కూడా అప్పే చెప్పింది, పంగస్. మన గోదావరి, కృష్ణా వైపు చెరువుల్లో మేత వేసి పెంచుతారే, పొలుసు లేని పెద్ద చేప, అదే. ప్యాకెట్ల మీద బాసా అని రాస్తారు.

ఇక్కడ ఒక మాట, పంగస్ చెడ్డ చేప అని నేను అనట్లేదు. చెరువు శుభ్రంగా ఉంటే అది తినే చేపే, ముల్లు తక్కువ, నీచు తక్కువ, రేటు కూడా బాగా తక్కువ, పిల్లలకి పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. పంగస్ అని రాసి పంగస్ రేటుకి అమ్మితే నాకేం గొడవ? సముద్రం పేరు పెట్టి, సముద్రం రేటు తీసుకుని, చెరువు ముక్క చేతిలో పెట్టడమే మోసం.

అప్ప చెప్పింది నాకు ఎందుకు తట్టలేదా అని ఆ రాత్రంతా కూర్చుని చదివా, చదివితే నాలిక చేప కథే మహా తమాషాగా ఉంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు అది కూడా అన్ని చేపల్లాంటిదే, అటో కన్ను ఇటో కన్ను, నిటారుగానే ఈదుతుంది. తర్వాత పిల్ల వేలిగోరంత పెరిగేసరికి ఒక కన్ను మెల్లగా జరుగుతూ జరుగుతూ తల దాటి రెండో కన్ను పక్కకి వచ్చేస్తుంది, పుర్రె కూడా దాంతోపాటే మెలి తిరుగుతుంది, అప్పుడు చేప ఒక పక్కకి వాలి సముద్రం అడుగున ఇసకలో పడుకుంటుంది, ఇంక జీవితాంతం అదే వరస. మన నాలిక చేపలకి రెండు కళ్ళూ ఎడం పక్కన ఉంటాయి, యూరప్ వాళ్ళు ఎగబడి తినే డోవర్ సోల్‌కి కుడిపక్కన. పైకి కనిపించే పక్క ఇసక రంగు, కిందకి ఉండే పక్క తెలుపు. ఒంటి మీద ఇసక కప్పుకుని కళ్ళు మాత్రం బయట పెట్టి పడుకుంటుంది, ఇసకలో పురుగుల్ని, బుల్లి రొయ్యల్ని ఏరుకు తింటుంది. మిగతా చేపలకి నీళ్ళలో తేలడానికి గాలితిత్తి ఉంటుంది కదా, పెద్దయ్యాక వీటికి అదీ ఉండదు, అడుగున పడుకునేదానికి తేలాల్సిన పనేముంది.

అంటే పల్చగా ఉండటమే దాని బతుకు. జానెడు నాలిక చేప వంద గ్రాములు తూగడమే కష్టం, దాన్ని కోస్తే వచ్చే కండ జామాకంత మందం. పెద్ద సోల్‌కైనా నడిమి ముల్లుకి పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు సన్న ముక్కలు వస్తాయి, అంతే. అంగుళం మందం, పావుకేజీ బరువు ఉన్న ముక్క ఆ ఒంట్లోంచి ఎలా వస్తుందండీ? హాలిబట్ కూడా ఇలా ఒక పక్కకి పడుకునే బల్లపరుపు చేపే, అది మందంగా ఉంటుందిగా అని కింద ఎవరో ఒకరు రాస్తారని తెలుసు, ఉంటుంది, అట్లాంటిక్ హాలిబట్ రెండు మీటర్లు దాటి కూడా పెరుగుతుంది, మన సముద్రంలో కూడా నోటి నిండా పళ్ళున్న పెద్ద బల్లపరుపు చేప ఒకటుంది, దాన్ని ఇండియన్ హాలిబట్ అంటారు. అవి అమ్మితే హాలిబట్ అనే రాస్తారు, ఇంకా ఎక్కువ రేటు లాగొచ్చు కదా.

అమ్మినవాళ్ళకి ఫోటోలు పెట్టి అడిగితే చాట్‌లో వచ్చిన జవాబు చూడండి: "మేడమ్, సోల్ అంటే మా దగ్గర బోన్‌లెస్ వైట్ ఫిష్ కేటగిరీ నేమ్ మేడమ్". కేటగిరీ నేమ్ అంట! రేపు గేదెపాలు ఆవుపాల కేటగిరీ అంటారు. నేను వదల్లేదు, మరి వైజాగ్ కోస్ట్ అని ఎందుకు రాశారు అంటే, ప్యాకింగ్ వైజాగ్‌లోనే మేడమ్ అన్నారు. తర్వాత 150 రూపాయల కూపన్ పంపారు, అది కూడా వాళ్ళ దగ్గర మళ్ళీ కొంటేనే పనిచేస్తుంది. నేను పెట్టిన రివ్యూ రెండ్రోజులకి మాయం.

ఒళ్ళు మండే ఇంకో సంగతి. పాట్రిక్ రస్సెల్ అని ఒక స్కాట్లాండ్ డాక్టరు, మన విశాఖపట్నంలో దొరికిన రెండొందల చేపలకి బొమ్మలు వేయించి, ఇక్కడి వాళ్ళు ఏ చేపని ఏమని పిలుస్తారో ఆ తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకుని 1803లో లండన్‌లో పుస్తకం వేయించాడు. రెండొందల ఏళ్ళ కిందట పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి రెండొందల చేపల పేర్లు రాసిపెట్టుకున్నాడు, ఇప్పుడు ఇదే ఊళ్ళో ప్యాకెట్ మీద ఒక్క చేప పేరు సరిగ్గా రాయడానికి వీళ్ళకి చెయ్యి రాలేదు.

నేను ఇప్పుడు చేస్తున్నది చెప్తా. ఫిల్లెట్ అనే మాట కనిపిస్తే సోల్ కొనను, కొంటే తలతో, తోలుతో, రెండు కళ్ళూ ఒకే పక్క కనిపించేలా నిండు చేపే కొంటా, చేప మొహం చూశాక ఎవడూ మోసం చెయ్యలేడు. ఫిల్లెట్ తప్పదంటే మందం అడగండి, మధ్యన ఎర్ర గీత ఉందేమో ఫోటో పంపమనండి, ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ నంబరు 14 అంకెలూ ఉన్నాయో లేదో చూడండి, ఐసు తీసేసిన తూకం రాశారో లేదో చూడండి. నా ప్యాకెట్ మీద "మెరైన్ ప్రొడక్ట్" అని తప్ప చేప పేరే లేదు, అది చూసుకోకుండా ఫ్రీజర్‌లో పెట్టుకుంది నేనే. డోవర్ సోల్ ఇంపోర్టెడ్ అని ఎవరైనా అంటే ఇంకా జాగ్రత్త, అమెరికా పసిఫిక్ వైపు దొరికే వేరే చేపని కూడా అదే పేరుతో అమ్ముతారు. మోసపోతే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చెయ్యండి, నేను చేశాను, కంప్లయింట్ నంబర్ ఇచ్చారు, ఇంకా నడుస్తోంది, డబ్బులు వస్తే ఇక్కడే రాస్తా.

ఇంతకీ మామగారి కోరిక తీరింది. నాలుగో రోజు అప్ప తెప్ప వాళ్ళ దగ్గర ఆరు నాలిక చేపలు పట్టి మాకోసమే దాచి తెచ్చింది, మా గుమ్మంలోనే కూర్చుని చేసిచ్చింది. చేతికి ఉప్పు రాసుకుంది, జారకుండా, తల దగ్గర కత్తితో చిన్న గాటు పెట్టి, తోలు అంచు గోటితో లేపి, తల ఒక చేత్తో పట్టుకుని తోక వైపు ఒక్క లాగు లాగింది, చంటిపిల్లాడి మేజోడు ఊడినట్టు తోలంతా ఒకే ముక్కగా చర్రున వచ్చేసింది. నేను ప్రయత్నిస్తే నాలుగు చోట్ల చిరిగింది, నవ్వుకుంది.

పులుసు పెట్టకండి దీన్ని, కండ మెత్తన, గరిటె తగిలితే చెదిరిపోయి ముల్లు ఒక్కటే మిగుల్తుంది. పసుపు, ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి కొంచెం, నిమ్మరసం, అరగంట చాలు, పైన పొడిగా బియ్యప్పిండి అద్ది, నూనె బాగా కాగాక పెనం మీద పక్కకి రెండేసి నిమిషాలు. ఫ్రాన్సు వాళ్ళు కూడా సోల్‌ని పిండిలో పొర్లించి వెన్నలో వేయించి నిమ్మకాయ పిండుకుంటారంట, కారం ఒక్కటే తక్కువ పాపం.

మామగారు వేలితో నడిమి ముల్లు పట్టుకుని పైకెత్తారు, దువ్వెనలా మొత్తం ముల్లు లేచొచ్చింది, కండ కంచంలో ఉండిపోయింది. మూడు తిన్నారు. నాలుగోది మావారి కంచంలోంచి తీసుకున్నారు.

రెండో పంగస్ ప్యాకెట్ ఫ్రీజర్‌లోనే ఉంది, కంప్లయింట్ వాళ్ళు అడిగితే చూపించాలని పారెయ్యలేదు. వేట తెరిచాక మొదటి ఆదివారం పొద్దున్న అయిదింటికి హార్బర్‌కి వెళ్తున్నా, మా వైపు వాళ్ళు ఎవరైనా వస్తానంటే చెప్పండి, ఆటో కలిపి మాట్లాడుకుందాం.