నగోయాలో ఐదేళ్లు ఎఫ్ లీగ్ చూశాక

2014లో ఉద్యోగం మీద జపాన్‌లోని నగోయా వెళ్లాను, 2019 చివర్లో హైదరాబాద్ తిరిగొచ్చాను. ఆ ఐదేళ్లూ ఎఫ్ లీగ్ మ్యాచ్‌లు హాల్లో కూర్చునే చూశాను. హాల్లో, గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకి ఐదుగురు ఆడే ఫుట్‌బాల్‌ని ఫుట్సల్ అంటారు. జపాన్ ఫుట్సల్‌లో అన్నిటికంటే పై లీగ్ ఇదే. 2007లో ఎనిమిది క్లబ్బులతో మొదలైంది. అక్కడికి వెళ్లే మనవాళ్లు చూడొచ్చా అని అడుగుతుంటారు, వాళ్ల కోసం ఇది.

ముందు అందరూ అనే మాట. "ఎప్పుడూ నగోయా ఓషన్సే గెలుస్తుంది కదా, ఇంకేం చూస్తాం?" నిజమే. మొదటి సీజన్ నుంచి 2015-16 దాకా వరసగా తొమ్మిది టైటిళ్లు వాళ్లవే. అప్పట్లో జీతాలిచ్చి ఆటగాళ్లందరినీ పూర్తిగా ఆట మీదే ఉంచే క్లబ్ అదొక్కటే. ఓడరేవు వైపు మినాతో వార్డులో సొంత హాలు కూడా ఉండేది. మిగతా జట్లలో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు. పోర్చుగల్ ఆటగాడు రికార్డీన్యోని 2010లో తెచ్చుకుంది కూడా నగోయానే. నేను వెళ్లేసరికి ఆయన లేడు. పక్క సీట్లో కూర్చునే ఒక పెద్దాయన మాత్రం, అరికాలి కింద బంతి ఎలా తిప్పేవాడో అరచేత్తో మోకాలి మీద చూపించి మరీ చెప్పేవారు.

అయినా నాకు ఒక్కరోజూ విసుగు రాలేదు. కారణం పవర్ ప్లే. మూడు నాలుగు నిమిషాలుండగా వెనకబడ్డ జట్టు గొలేరోని బెంచికి పిలిచేస్తుంది. గోల్‌కీపర్‌ని అక్కడ ఆ పోర్చుగీసు మాటతోనే పిలుస్తారు. అతని బదులు మామూలు ఆటగాడొకడు కీపర్ రంగు చొక్కా తల మీంచి లాక్కుంటూ పరుగెత్తుకొస్తాడు. ఆ చొక్కా వీపున నలుచదరంగా కత్తిరించి ఉంటుంది, లోపలి జెర్సీ మీది అతని నంబరు అందులోంచి కనపడటానికి. ఇక అవతల నలుగురి మీద ఇవతల ఐదుగురు, వెనక గోల్ ఖాళీ. బంతి ఈ కాలి నుంచి ఆ కాలికి మారుతూనే ఉంటుంది, ఎవరూ తొందరపడరు. ఒక్క పాస్ తప్పిందా, అవతలివాడు తన సగంలోంచే ఖాళీ గోల్లోకి కొట్టేస్తాడు. బంతి గీత దాటగానే గడియారం ఆగిపోతుంది కాబట్టి కాలక్షేపం చేసి గట్టెక్కడం కుదరదు. ఆ టెన్షన్‌లో హాలంతా డప్పుల మోత.

2016-17లో షురైకర్ ఒసాకా ఛాంపియన్ అయింది. నగోయా వాణ్ణి కాబట్టి బాధపడ్డాను, రెండ్రోజులు ఆఫీసులో ఎవరితోనూ ఆ మాటెత్తలేదు. కానీ పగలు పని చేసుకునేవాళ్లున్న లీగులో అలాంటి ఏడాది ఒకటి రావాల్సిందే. మరుసటి ఏడాది టైటిల్ మళ్లీ నగోయాకే వచ్చింది. 2019 ఆగస్టులో బ్యాంకాక్‌లో ఆసియా క్లబ్ టైటిల్ నాలుగోసారి గెలిచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లోపమా? అన్ని జట్లనూ ఒకే ఊళ్లో చేర్చి వరసగా ఆడించే రోజులుంటాయి. అలాంటప్పుడు పొద్దుటి మ్యాచ్‌లకి సీట్లు చాలా ఖాళీగా కనిపిస్తాయి. దూరం నుంచి వచ్చి ఆడేవాళ్లకి అది అన్యాయం అనిపించేది. వచ్చే జట్టుకీ నాలుగు చప్పట్లు కొట్టడం నాకు అప్పుడే అలవాటైంది.

టీవీలో చూసి మాత్రం ఈ లీగ్ గురించి ఒక మాట అనేయకండి. షూ నేల మీద కీచుమనడం, ఎక్కువ ఎగరని ఆ చిన్న బంతి బోర్డుకి తగిలిన చప్పుడు స్పీకర్లో రావు. టికెట్ కొనేటప్పుడు గోల్ వెనక కాకుండా బెంచీలకి ఎదురు వైపు సీటు తీసుకోండి. ఆ కత్తిరించిన చొక్కా ఎవరు అందుకుంటారో ముందుగా తెలిసేది అక్కడి నుంచే.