విదేశంలో ఇంగ్లిష్ టీచర్‌గా తొలి ఉద్యోగం: గల్ఫా, థాయ్‌లాండా, వియత్నామా?

విదేశాల్లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగాల గురించి యూట్యూబ్‌లో వెతికితే వచ్చే వీడియోల్లో చాలావరకు అమెరికా, బ్రిటన్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులు ఉన్నవాళ్ళు చేసినవే. వాళ్ళు చెప్పేది వాళ్ళ వరకు నిజం. హైదరాబాద్‌లో ఎం.ఏ. ఇంగ్లిష్ పూర్తిచేసి, భారతీయ పాస్‌పోర్టు చేతబట్టుకున్న అమ్మాయికో అబ్బాయికో అందులో సగం వర్తించదు. అందుకే ఏ దేశం బాగుంటుంది అని అడిగే ముందు, ఏ దేశం మనల్ని చట్టప్రకారం టీచర్‌గా ఒప్పుకుంటుంది అని అడగాలి.

దక్షిణ కొరియా ఇంగ్లిష్ టీచర్లకిచ్చే ఇ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే దొరుకుతుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఆర్థిక ఒప్పందం మనకు చిన్న తలుపు తెరిచింది కానీ, టీచర్ అర్హత ఉన్నవాళ్ళకే, అదీ సహాయ టీచర్ స్థానాలకే. చైనా కూడా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాల వాళ్ళకే పెద్దపీట వేస్తుంది, పైగా మామూలుగా రెండేళ్ళ అనుభవం అడుగుతుంది. జపాన్ నియమం మాత్రం నాకు న్యాయంగా అనిపిస్తుంది. బడుల్లో భాష నేర్పే ఇన్‌స్ట్రక్టర్ వీసాకు, ఆ భాషా మాధ్యమంలో పన్నెండేళ్ళు చదివి ఉండాలంటుంది. ఏ దేశంలో పుట్టావని అడగదు. మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివిన మనవాళ్ళు ఆ గీత దాటగలరు. కానీ అనుభవం లేకుండా ఇక్కణ్ణుంచి నేరుగా అక్కడ ఉద్యోగం సంపాదించడం కష్టం. దాన్ని రెండో ఉద్యోగానికి గుర్తుపెట్టుకోండి.

ఇక మిగిలిన దేశాల్లో గట్టిగా ఆలోచించదగ్గవి గల్ఫ్, థాయ్‌లాండ్, వియత్నాం.

గల్ఫ్‌లో పని వేరు, థాయ్‌లాండ్, వియత్నాంలలో వేరు

జీతాల కంటే ముందు చూడాల్సిన తేడా ఒకటుంది. గల్ఫ్‌లో మనకు ఎక్కువగా దొరికేది ఇండియన్ స్కూళ్ళలో ఉద్యోగం. సీబీఎస్‌ఈ సిలబస్, సీబీఎస్‌ఈ పరీక్షలు, ముందు కూర్చున్న పిల్లల్లో మలయాళీలు, తమిళులు, మన తెలుగువాళ్ళు. వాళ్ళకు ఇంగ్లిష్ అప్పటికే వచ్చు. పాఠం, పద్యం, వ్యాసం, వ్యాకరణం చెప్పాలి, మార్కులు తెప్పించాలి, పేరెంట్స్ మీటింగులో జవాబు చెప్పాలి. కూకట్‌పల్లిలో చేసే పనే షార్జాలో చేస్తారు.

థాయ్‌లాండ్, వియత్నాంలలో పని వేరు. పిల్లలకు ఇంగ్లిష్ దాదాపు రాదు, మీకు వాళ్ళ భాష రాదు. నలభై మంది ఉన్న క్లాసులో బొమ్మలతో, సైగలతో, ఆటలతో ఒక్క వాక్యం నోటితో పలికించాలి. ప్రశ్న అర్థమైందో లేదో మొహం చూసి కనిపెట్టాలి. మన బీ.ఏ., ఎం.ఏ. సాహిత్యం చదువులు ఈ పనికి మనల్ని సిద్ధం చేయవు. తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది) పుట్టిందే ఇంగ్లిష్ బోధన నేర్పడానికి. అక్కడి పీజీ డిప్లొమా ఇన్ ద టీచింగ్ ఆఫ్ ఇంగ్లిష్ లాంటిది చదివినవాళ్ళకు తేడా వెంటనే తెలుస్తుంది. వారాంతంలో ముగిసే ఆన్‌లైన్ టెఫుల్ (ఇంగ్లిష్‌ను విదేశీ భాషగా నేర్పే శిక్షణ) సర్టిఫికెట్ వీసా కాగితాల్లో పనికిరావచ్చు గానీ క్లాసులో నిలబెట్టదు. డబ్బు పెట్టగలిగితే సెల్టా (కేంబ్రిడ్జ్ ఇచ్చే ఇంగ్లిష్ బోధనా సర్టిఫికెట్) మేలు. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, ట్రైనర్ వెనక కూర్చుని చూస్తారు.

గల్ఫ్

బి.ఎడ్. ఉండి, హైదరాబాద్‌లో ఏదో ఒక సీబీఎస్‌ఈ బడిలో రెండేళ్ళు పనిచేసి ఉంటే గల్ఫ్ తలుపు తెరిచే ఉంటుంది. ఆ రెండూ లేకపోతే దాదాపు మూసేసినట్టే. దుబాయ్‌లో ప్రైవేటు బడి టీచర్ నియామకానికి కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ఆమోదం కావాలి, అది కాగితాలు చూసే ఆమోదిస్తుంది.

జీతం విషయంలో భ్రమలు వద్దు. దుబాయ్‌లో టీచర్ జీతం అనగానే గుర్తొచ్చే పెద్ద అంకెలు బ్రిటిష్ సిలబస్ బడులవి. ఇండియన్ స్కూళ్ళలో కొత్తవాళ్ళకు ప్రకటనల్లో తరచూ కనిపించేది నెలకు మూడు నుంచి ఐదు వేల దిర్హాములు. ఇల్లు బడివాళ్ళదైతే అందులో సగం మిగుల్తుంది. సొంతంగా అద్దె కట్టాలంటే షేరింగ్ గదే గతి. అందుకే ఆఫర్ లెటర్‌లో జీతం కంటే ముందు వసతి, టికెట్, ఇన్సూరెన్స్ చూడాలి. ఆదాయపు పన్ను లేదు. యూఏఈ చట్టం ప్రకారం ఏడాది పూర్తయ్యాక గ్రాట్యుటీ హక్కు వస్తుంది, మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున. బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు పెంచితే ఈ గ్రాట్యుటీ కరిగిపోతుంది. ఆఫర్ లెటర్‌లో ఆ వరుస దగ్గర ఆగి చదవండి.

ఇంట్లోవాళ్ళ టెన్షన్ కూడా ఇక్కడ తక్కువ. నాలుగు గంటల విమానం, మన తిండి, చుట్టూ మనవాళ్ళు. అమ్మాయిని ఒక్కదాన్నే పంపడానికి తల్లిదండ్రులు వెనకాడే ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. తిరిగొచ్చాక ఆ అనుభవాన్ని ఇక్కడి ఏ బడీ ప్రశ్నించదు.

థాయ్‌లాండ్

బి.ఎడ్. లేకుండా డిగ్రీతో మొదలుపెట్టగలిగిన దేశాల్లో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఇదే. టీచింగ్ లైసెన్స్ లేనివాళ్ళ కోసం బడి అక్కడి టీచర్స్ కౌన్సిల్ (ఖురుసపా) నుంచి రెండేళ్ళకు తాత్కాలిక అనుమతి తెస్తుంది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళను టోయిక్ అనే ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్షలో 600 దాటిన స్కోరు అడగడం మామూలు. మన పిల్లలకు అది పెద్ద లెక్క కాదు. రెండేళ్ళలోగా బి.ఎడ్. లాంటి అర్హత వైపు అడుగు వేయకపోతే మాత్రం బండి అక్కడే ఆగిపోతుంది.

జీతం తక్కువ. మనవాళ్ళకూ ఫిలిప్పీన్స్ టీచర్లకూ ఇరవై, ముప్ఫై వేల భాత్ మధ్య ఇచ్చే బడులు చాలా. పక్క గదిలో అదే పాఠం చెప్పే బ్రిటిష్ టీచర్‌కు అంతకంటే ఎక్కువ వస్తుంది. ఇది అన్యాయం. పాస్‌పోర్టు చూసి జీతం కట్టడాన్ని ఏ మాటతోనూ సమర్థించలేం. ఈ సంగతి ముందే తెలిసి వెళ్ళాలి. అక్కడికెళ్ళాక తెలిస్తే మనసు విరిగిపోతుంది. అప్పు చేసి మాత్రం థాయ్‌లాండ్ వెళ్ళొద్దు, ఈ జీతంతో వడ్డీ తీర్చడం అయ్యే పని కాదు. చెల్లెలి పెళ్ళి, ఇంటి లోను భుజాన ఉన్నవాళ్ళు గల్ఫ్ వైపే చూడటం మంచిది.

కానీ టీచర్‌గా ఎదగాలనుకునేవాళ్ళకు ఆ రెండేళ్ళు అమూల్యం. రోజుకు నాలుగైదు పీరియడ్లు, ఏడాది పొడవునా అవే పిల్లలు. మేలో అక్షరం పలకనివాడు మార్చికి తన గురించి నాలుగు వాక్యాలు చెబుతాడు, అది మీ కళ్ళముందే జరుగుతుంది. ఇంకో మాట: థాయ్ పిల్లలు ఇంగ్లిష్ మాట చివరి హల్లును మింగేస్తారు, మనవాళ్ళకేమో చివర ఒక అచ్చు తగిలించే అలవాటు. వాళ్ళను దిద్దాలంటే ముందు మన ఉచ్చారణ దిద్దుకోవాలి. వీడియో ఇంటర్వ్యూలో డెమో అడిగినప్పుడు బడివాళ్ళు చూసేదీ ఇదే.

శాకాహారులకు బ్యాంకాక్ బయట ఇబ్బందే, చేపల సాస్ పడని కూర అరుదు. వంట నేర్చుకుని వెళ్ళండి.

వియత్నాం, మాల్దీవులు

వియత్నాంలో పని ఎక్కువగా భాషా కేంద్రాల్లో, సాయంత్రాలూ శని ఆదివారాలూ. చాలాచోట్ల గంటల లెక్కన ఇస్తారు. గంటలు బాగా దొరికితే థాయ్‌లాండ్ కంటే ఎక్కువే మిగుల్తుంది, టెట్ (వాళ్ళ కొత్త సంవత్సరం) పండగకు కేంద్రాలు మూసేస్తే ఆదాయమూ ఆగుతుంది. వర్క్ పర్మిట్‌కు డిగ్రీ, బోధనా సర్టిఫికెట్, మనలాంటి వాళ్ళకైతే ఇంగ్లిష్ స్థాయిని చూపే పరీక్ష ఫలితం కావాలి. టూరిస్టు వీసా మీద రా, తర్వాత చూద్దాం అనే కేంద్రాలున్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఆ అనిశ్చితి వద్దంటాను. రెండేళ్ళ అనుభవంతో వెళ్తే బేరమాడే బలం ఉంటుంది.

మాల్దీవుల్లో భారతీయ టీచర్లు ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నారు, బడులు ఇంగ్లిష్ మీడియమే. అయితే చిన్న దీవిలో ఒంటరితనం, పైగా అక్కడి డాలర్ల కొరత వల్ల ఇంటికి డబ్బు పంపడంలో చిక్కులు. ఇల్లు మీ డబ్బు మీద ఆధారపడి ఉంటే దీన్ని పక్కన పెట్టండి.

కాగితాలు, ఏజెంట్లు

ఏ దేశమైనా డిగ్రీ అటెస్టేషన్ తప్పదు. యూఏఈకైతే రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత వాళ్ళ ఎంబసీ. ఆఫర్ వచ్చాక మొదలుపెడితే బడి తెరిచే రోజుకు అందదు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు కాలపరిమితి ఉంటుంది కాబట్టి దాన్ని మాత్రం చివర తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కన్సల్టెన్సీ డ్రాయర్‌లో వదిలి రావద్దు.

ఏజెంటు పేరు విదేశాంగ శాఖ నడిపే ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. రిజిస్టర్డ్ ఏజెంటు కూడా సర్వీస్ చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. యూఏఈ చట్టమైతే నియామక ఖర్చు ఉద్యోగి నెత్తిన వేయడాన్నే నిషేధించింది. బ్యాంకాక్‌లో ఉద్యోగం అని తీసుకెళ్ళి మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల శిబిరాల్లో పడేసిన ఘటనల్లో మన తెలుగు యువకులూ ఉన్నారు. బడి పేరు, ఊరు, నాన్-ఇమిగ్రెంట్ బి వీసా లేకుండా "ముందు టూరిస్టుగా వచ్చేయ్" అంటే, ఎంత ఆశపెట్టినా విమానం ఎక్కకండి.

బి.ఎడ్., రెండేళ్ళ అనుభవం, ఇంటి బాధ్యతలు ఉన్నవాళ్ళు గల్ఫ్‌కే వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. డిగ్రీ మాత్రమే ఉండి, తలమీద అప్పు లేనివాళ్ళకు నా ఓటు థాయ్‌లాండ్‌కి. ఇండియన్ స్కూళ్ళ విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి గల్ఫ్ కోసం డిసెంబర్ నుంచే దరఖాస్తులు పంపాలి. థాయ్ బడులు మేలో తెరుస్తాయి, రెండో సెమిస్టర్ నవంబర్‌లో. మార్చిలో దరఖాస్తు తప్పిపోతే సెప్టెంబర్‌లో మళ్ళీ ప్రయత్నించవచ్చు, ఆ మధ్య నెలల్లో టోయిక్ రాసేయండి.