బ్యాంకాక్ చూశాక ఏ దీవికి? కో సమెత్, కో చాంగ్, కో తావ్‌లలో ఏది మేలు?

బ్యాంకాక్ వెళ్తున్నాం, దగ్గర్లో ఏదైనా దీవి కూడా చూసొస్తాం, ఏది బాగుంటుంది అని ఎవరడిగినా ముందు నేను అడిగేది ఒకటే: ఏ నెలలో వెళ్తున్నారు? ఎన్ని రోజులు, ఎంత బడ్జెట్ అన్నవి ఆ తర్వాత. ఫొటోలో మెరిసే నీళ్లు చూసి దీవిని ఎంచుకుంటే, దిగిన రోజు నుంచీ గది కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాల్సి రావచ్చు. మనవాళ్లు ఎక్కువగా ఆగస్టు 15 సెలవు కలిసొచ్చినప్పుడో, దసరాకో, సంక్రాంతికో, పిల్లల వేసవి సెలవులకో బయల్దేరతారు. ఈ నాలుగింటికీ ఒకే దీవి సరిపోదు.

ఫుకెట్, క్రాబీ, ఫీ ఫీ సంగతి మొదటే తేల్చేస్తాను, ఎందుకంటే అందరి నోటా ముందు వచ్చేవి అవే. అవి పడమర వైపు, అండమాన్ సముద్రంలో ఉన్నాయి. బ్యాంకాక్ నుంచి రోడ్డు మీద వెళ్తే రాత్రంతా బస్సులోనే గడపాలి, లేదంటే ఇంకో విమానం టికెట్ కొనాలి. నవంబర్ చివరి నుంచి ఏప్రిల్ దాకా వాటి అందానికి వంక పెట్టలేం. కానీ మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి రుతుపవనాల దెబ్బంతా ఆ తీరానికే. 2018 జూలై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే టూరిస్టు పడవ గాలివానలో మునిగి 47 మంది చనిపోయారు. సిమిలాన్ దీవులను ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు, ఫీ ఫీ దీవుల్లోని మాయా బే ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మూత. వారం పది రోజుల సెలవుతో బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని బ్యాంకాక్ కేంద్రంగా తిరిగేవాళ్లు ఆ వైపుని ఇంకో ట్రిప్పుకి దాచుకోవడమే మంచిది. ఇక పోటీలో మిగిలేవి మూడు: కో సమెత్, కో చాంగ్, కో తావ్. మూడూ థాయ్‌లాండ్ సింధుశాఖలోనే ఉన్నా మూడింటి వాన లెక్కలు వేరు.

దీవి కంటే ముందు ఊరి సంగతి ఒకటి చెప్పాలి. బ్యాంకాక్‌లో ఎక్కడ దిగాలన్నది కూడా మీరు ఎంచుకున్న దీవిని బట్టే ఉంటుంది, ఇది చాలామంది పట్టించుకోరు. బ్యాక్‌ప్యాకర్లందరూ ఖావో సాన్ రోడ్ అంటారు. డార్మిటరీ మంచం మూడు నాలుగు వందల బాట్లకి దొరుకుతుంది, గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో నడిచి వెళ్లేంత దగ్గర, అన్నీ నిజమే. కానీ అక్కడికి మెట్రో లేదు, రాత్రి రెండింటి దాకా పాటల హోరు ఆగదు. కో తావ్ వెళ్లేవాళ్లకి మాత్రం అదే సరైన చోటు, ఎందుకంటే బస్సూ పడవా కలిపి అమ్మే టికెట్ల బస్సులు ఆ పక్కనుంచే బయల్దేరతాయి. కో సమెత్ గానీ కో చాంగ్ గానీ అయితే బస్సు ఎక్కాల్సింది ఎక్కమాయ్ బస్టాండులో, అది సుఖుంవిత్ రోడ్డు మీద స్కైట్రెయిన్ స్టేషన్ పక్కనే ఉంది. పొద్దున్నే బ్యాగు మోసుకుని ఖావో సాన్ నుంచి ఎక్కమాయ్ దాకా ట్రాఫిక్‌లో టాక్సీలో కూర్చోవడం కంటే ముందు రోజు రాత్రి ఆ లైను మీదే ఎక్కడో ఒకచోట గది తీసుకుంటే టెన్షన్ ఉండదు. సువర్ణభూమి విమానాశ్రయంలో దిగితే ఎయిర్‌పోర్ట్ రైలు ఫాయా థాయ్ దాకా 45 బాట్లు, అక్కడే స్కైట్రెయిన్‌లోకి మారొచ్చు.

ఊళ్లో తిరగడానికి చావో ఫ్రాయా నది మీద నడిచే ఆరెంజ్ జెండా పడవని మించింది లేదు. ఇది టూరిస్టు పడవ కాదు, ఆఫీసులకి వెళ్లేవాళ్లు, యూనిఫాం వేసుకున్న పిల్లలు, కాషాయ వస్త్రాల భిక్షువులు అందరూ ఎక్కుతారు. రేవు దగ్గరికి వచ్చేసరికి వెనక నిలబడ్డ కుర్రాడు ఈల వేస్తాడు. ఒక్కో ఈలకి ఒక్కో అర్థం, ముందు కూర్చున్న డ్రైవరు వెనక్కి తిరిగి చూడకుండా ఆ ఈలలు విని పడవని రేవుకి ఆనిస్తాడు. అది పూర్తిగా ఆగకముందే జనం దూకేస్తుంటారు. టికెట్లమ్మాయి చేతిలో పొడవాటి ఇనుప డబ్బా ఉంటుంది, చిల్లరా టికెట్లూ అందులోనే, దాన్ని టకటకలాడిస్తూ వస్తుంది. టికెట్ 16 బాట్లు. ఒక బాట్ రెండున్నర రూపాయల పైమాటే కాబట్టి మన లెక్కలో యాభైలోపు. వాట్ అరుణ్ ముందు నుంచి సాయంత్రం ఈ పడవ మీద వెళ్లండి చాలు, వేలు పోసి డిన్నర్ క్రూజ్ ఎక్కనక్కర్లేదు.

ఇప్పుడు కో సమెత్. ఎక్కమాయ్ నుంచి బాన్ ఫే రేవుకి బస్సులో మూడున్నర గంటలు, అక్కడి నుంచి పెద్ద పడవలో ముప్పావు గంట, పడవ ఖర్చు వంద బాట్లలోపు. పొద్దున బ్యాంకాక్‌లో టిఫిన్ చేసి మధ్యాహ్నానికి ఇసుక మీద ఉంటారు. దీవి నేషనల్ పార్క్ కిందికి వస్తుంది, విదేశీయులకి ప్రవేశ రుసుము 200 బాట్లు, రసీదు దగ్గర ఉంచుకోండి, మళ్లీ అడగొచ్చు. సాయి కేవ్ బీచ్‌లో ఇసుక పిండిలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. చీకటి పడగానే ఇసుక మీద చాపలు పరిచి, పొట్టి బల్లలు వేసి, ఒక పక్క చేపలు కాలుస్తూ ఇంకో పక్క కుర్రాళ్లు నిప్పుల గొలుసులు తిప్పుతుంటారు. దీని పెద్ద బలం వాన తక్కువ కావడం. చుట్టుపక్కల తీరమంతా తడుస్తున్నా ఇక్కడ ఎండ కాసే రోజులు ఉంటాయి. బలహీనత కూడా దగ్గరగా ఉండటమే: శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి బ్యాంకాక్ సగం ఇక్కడే ఉన్నట్టుంటుంది, గదుల రేట్లు పెరిగిపోతాయి. ఆదివారం మధ్యాహ్నం వెళ్లి బుధవారమో గురువారమో తిరిగి రండి, అప్పుడు దీవి మీదే.

కో చాంగ్ లెక్కే వేరు. చాలా పెద్దది, నడుమంతా అడవి కప్పిన కొండలు, ఒడ్డున మాత్రమే రోడ్డు. త్రాత్ ప్రావిన్స్‌లోని రేవు దాకా బస్సులో ఐదారు గంటలు, ఆపైన ఫెర్రీలో ఓ అరగంట. ఫెర్రీ దిగాక సోంగ్‌థేవ్ ఎక్కాలి, వెనక రెండు బెంచీలు వేసిన పికప్ బండి, మన పల్లెల్లో తిరిగే సెవెన్ సీటర్ ఆటోల మాదిరి నిండితేనే కదులుతుంది. వైట్ శాండ్ బీచ్ వైపు కుటుంబాలు, లోన్లీ బీచ్ వైపు బ్యాక్‌ప్యాకర్లు, చివర్లో బాంగ్ బావ్ అనే చేపల పల్లె, సముద్రంలోకి కర్రలు పాతి కట్టిన ఇళ్లు. ఖ్లాంగ్ ఫ్లూ జలపాతం కింద మడుగులో ఈదొచ్చు. నాకు మూడింట్లో ఎక్కువ నచ్చింది ఇదే, ఎందుకంటే సముద్రం బోర్ కొడితే అడవి ఉంది, అడవిలో తిరిగి అలిసిపోతే సముద్రం ఉంది. అయితే నవంబర్ నుంచి ఏప్రిల్ దాకానే. ఆ కొండలే మబ్బుల్ని ఆపేస్తాయి కాబట్టి మే నుంచి అక్టోబర్ దాకా కుండపోత వానలు, సగం హోటళ్లు బోసిపోయి ఉంటాయి. ఇంకోటి, త్రాత్ కంబోడియా సరిహద్దు ప్రావిన్స్. 2025లో రెండు దేశాల మధ్య సరిహద్దు పొడవునా కాల్పులు జరిగాయి. అందుకని టికెట్ కొనేముందు బ్యాంకాక్‌లోని భారత ఎంబసీ సూచనలు ఒకసారి చూడండి, ఇటు నుంచి ఇటే రోడ్డు మీద కంబోడియా పోదామన్న పాత బ్యాక్‌ప్యాకర్ ప్లాను మాత్రం నమ్ముకోవద్దు.

కో తావ్ వైశాల్యం దాదాపు 21 చదరపు కిలోమీటర్లు, మూడింట్లో దూరం ఇదే. బ్యాంకాక్ నుంచి చుంఫోన్ దాకా బస్సులోనో రాత్రి రైల్లోనో వెళ్లి, అక్కడి నుంచి వేగంగా వెళ్లే క్యాటమరాన్‌లో రెండు గంటలలోపు. బస్సూ పడవా కలిపి వెయ్యి బాట్లు దాటుతుంది. రైలైతే స్లీపర్‌లో కింది బెర్త్ అడగండి, పై బెర్త్ కంటే వెడల్పుగా ఉంటుంది. దూరప్రాంత రైళ్లు 2023 జనవరి నుంచి పాత హువా లంఫోంగ్ స్టేషన్‌లో కాకుండా క్రుంగ్ థెప్ అఫివాత్ అనే కొత్త స్టేషన్‌లో ఎక్కాలి, టాక్సీ అతనికి ఆ పేరే చూపించండి. ఇంత శ్రమా ఎందుకంటే స్కూబా డైవింగ్ కోసం. దీవి బతుకంతా దాని మీదే, వీధికో డైవింగ్ స్కూలు. ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు సర్టిఫికెట్ కోర్సు మూడు నాలుగు రోజులు, సుమారు పది పన్నెండు వేల బాట్లు. ఇక్కడ మనవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది: ఆ సర్టిఫికెట్ కావాలంటే ఆగకుండా 200 మీటర్లు ఈదగలగాలి, పది నిమిషాలు నీళ్ల మీద తేలగలగాలి. మనలో చాలామందికి ఈత రాదు. రానివాళ్లు ఒక్కరోజు పరిచయ డైవ్‌తో సరిపెట్టుకోవచ్చు, బోధకుడు పట్టుకునే ఉంటాడు, అదీ బాగుంటుంది. కానీ దాని కోసమే ఇంత దూరం వెళ్లాలా అంటే, ముందు మీ ఊళ్లో మూడు నెలలు ఈత నేర్చుకుని వెళ్లండి అంటాను, ఎందుకంటే నీటి అడుగున పగడాల మీద చేపల గుంపు మీ ముఖం ముందు నుంచి తిరిగిపోయే ఆ క్షణంలో ఊపిరి గురించి భయపడకుండా ఉండాలి. డైవింగ్ అయ్యాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, అది కూడా రోజుల లెక్కలో కలపాలి.

కో తావ్ వాన లెక్క మన నెల్లూరు వాళ్లకి బాగా అర్థమవుతుంది. మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలే అక్కడా తెస్తాయి, నవంబర్‌లో సముద్రం బాగా పోటెత్తి పడవలు రద్దవుతుంటాయి. కార్తీక పౌర్ణమి రోజుల్లోనే థాయ్‌లాండ్‌లో లోయ్ క్రథోంగ్ జరుగుతుంది, మనం అరటి డొప్పలో దీపం వదిలినట్టే వాళ్లూ అరటి బోదె మీద పూలూ దీపమూ పెట్టి నీళ్లలో వదులుతారు. అది చూడటానికి వెళ్లేవాళ్లు బ్యాంకాక్‌లో నది ఒడ్డున చూసి కో చాంగ్‌కో సమెత్‌కో వెళ్లండి, తావ్ వైపు వద్దు.

కాబట్టి నెలల వారీగా నా మాట ఇది. సంక్రాంతికీ, డిసెంబర్ చివరి సెలవులకీ కో చాంగ్. ఆగస్టు 15కి ఈత వచ్చినవాళ్లు కో తావ్, రానివాళ్లు, నాలుగైదు రోజులే ఉన్నవాళ్లు కో సమెత్. దసరాకి కళ్లు మూసుకుని సమెత్. వేసవిలో ఏప్రిల్ అయితే మూడూ బాగానే ఉంటాయి, ఎండ మాత్రం మన ఎండే. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, నీళ్లు చల్లుకునే కొత్త సంవత్సరం పండగ. ఆ రోజుల్లో బస్సు టికెట్లు దొరకవు, ముందే కొనాలి. మే వచ్చిందంటే చాంగ్ తీసేయండి.

శాకాహారుల సంగతికొస్తే బ్యాంకాక్‌లో ఇబ్బంది తక్కువ. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని రాసి ఉన్న కొట్టు కనిపిస్తే నమ్మకంగా తినొచ్చు, మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మామూలు హోటల్లో కూరగాయలే కదా అని తెప్పించుకుంటే అందులో చేపల సాస్ పడి ఉంటుంది, ఆ మాట అడగాల్సిందే. బ్యాంకాక్‌లో భారతీయుల పేట అయిన పహురాత్‌లో మన భోజనం దొరుకుతుంది. దీవుల్లో కో తావ్ ఈ విషయంలో మెరుగు, పాశ్చాత్య వీగన్ కుర్రాళ్ల పుణ్యమా అని. సమెత్ ఎక్కువగా చేపలూ రొయ్యలే, అవి తినేవాళ్లకి పండగ.

ఇక స్కూటర్ల గురించి గట్టిగా చెప్పాలి. మూడు దీవుల్లోనూ అద్దెకిస్తారు, అక్కడా మనలాగే ఎడమ వైపు నడపాలి కాబట్టి ధీమా వచ్చేస్తుంది. కో చాంగ్‌లో ఫెర్రీ రేవు నుంచి వైట్ శాండ్ వైపు వచ్చే కొండ మలుపులు నిటారుగా ఉంటాయి, వాన పడితే జారతాయి. లైసెన్స్‌లో మోటార్ సైకిల్ ఉండి, ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని ఉంటేనే నడపండి, లేకపోతే ఆసుపత్రి బిల్లుకి ట్రావెల్ ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వకపోవచ్చు. పాస్‌పోర్టు ఎవరికీ తాకట్టు పెట్టొద్దు, నగదు డిపాజిట్ తీసుకునే షాపు చూసుకోండి. నగదు తీసేటప్పుడు ఏటీఎం మన కార్డుకి ఎంత తీసినా ప్రతిసారీ 220 బాట్లు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ కోస్తుంది, ఒకేసారి ఎక్కువ తీసుకోవడం నయం. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు పగడాలకి హాని చేసేది కాకుండా చూడండి, 2021 నుంచి నేషనల్ పార్కుల్లో అలాంటివి నిషేధం, సమెత్, చాంగ్ రెండూ పార్కులే. వీసా నిబంధనలు మారుతున్నాయి, టికెట్‌కి ముందే చూసుకోండి, 2025 మే నుంచి ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డ్ నింపడం కూడా తప్పనిసరి, దానికి డబ్బు కట్టక్కర్లేదు, డబ్బడిగే సైటు అసలుది కాదు. తిరుగు విమానం ముందు రాత్రి మాత్రం ఏ దీవిలోనూ ఉండకండి, గాలి మారితే ముందు ఆగేది పడవే.